ఎదుటి బల్ల

పంతొమ్మిదేళ్లుగా మా ఊరి పబాసాకి వంతులు రాసేది నేనే. పవిత్ర వారంలో క్రీస్తు శ్రమల పాటని మొదటి పద్యం నుంచి చివరి పద్యం దాకా ఊరంతా వంతులేసుకుని పాడతాం. అందులో ఎవరు ఏ గంటకి కూర్చోవాలో, ఎవరి ఎదురుగా ఎవరిని కూర్చోబెడితే గొంతులు కలుస్తాయో, ఎవరిని కూర్చోబెడితే పాట వదిలేసి పాత తగాదాలు తీస్తారో నాకు తెలిసినట్టు మా ఫాదరుకి కూడా తెలియదు. అట్టపెట్టె చింపి, వెనకవైపు నీలం పెన్సిలుతో గళ్లు గీసి, పేర్లు రాసి పందిరి గుంజకి వేలాడదీస్తాను. నా రాత మీద ఇంతవరకు ఎవరూ నోరెత్తలేదు. ఎత్తినవాళ్లకి మరుసటి ఏడు మిట్టమధ్యాహ్నం వంతు పడేది.

పాటకి రెండు బల్లలు. ఎదురెదురుగా వేసి, మధ్యలో పుస్తకం, కొవ్వొత్తి, మైకు పెడతాం. ఈ బల్ల ఒక పద్యం పాడితే ఆ బల్ల తర్వాతి పద్యం అందుకోవాలి. బుధవారం పొద్దున్న మొదలైన పాట శుక్రవారం దాకా ఆగకూడదు. ఇంకొకరు వచ్చి కూర్చుంటేనే కూర్చున్నవాళ్లు లేవాలి. మధ్యలో ఆగిందా, పాట పెట్టించిన ఇంటికి కీడు, ఆపినవాళ్ల మొక్కు మట్టిపాలు. ఇది ఏ ఫాదరూ చెప్పిన మాట కాదు. ఫాదరు వింటే నవ్వుతాడు. ఆయన ఐదేళ్లకోసారి మారిపోతాడు, మేం ఇక్కడే ఉంటాం.

పాట పెట్టించేది మా ఇల్లు. మా అమ్మ మొక్కు అది. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆవిడ గొంతు గురించి చేపల చెరువుల అవతలి ఊళ్లలో కూడా చెప్పుకునేవాళ్లు. నాకు ఆవిడ ముక్కు వచ్చింది, మోకాళ్ల నొప్పులు వచ్చాయి, గొంతు మాత్రం రాలేదు. పాట మొత్తం నాకు నోటికి వచ్చు. పుస్తకం మూసి ఎక్కడ అడిగినా చెప్తాను. పాడను. పన్నెండేళ్లప్పుడు ఒక్కసారి మైకులో పాడితే చెరువు గట్టు మీద మగవాళ్లు, "సియోన్ వాళ్ల మేకని ఎవడు కోస్తున్నాడ్రా?" అని కేకలేశారు. అప్పటినుంచి నా పని వంటిల్లు, పాడేవాళ్లకి అల్లం కషాయం, తర్వాత్తర్వాత ఈ జాబితా.

"నా కడుపున పుట్టాల్సిన గొంతు ఆ తాస్య కడుపున పుట్టింది" అని అమ్మ నా ముందే అనేది. తాస్య మా ఊరి మనిషే, ఆవిడ కూతురు రొసెండా. సెంద అంటాం. దానికి ఎనిమిదేళ్లప్పటినుంచి అమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పద్యం నేర్పింది. పోయే ముందు, మా బినింగ్ అత్త వింటుండగా, "నా పుస్తకం గొంతున్నదానికి ఇవ్వు సియోనూ" అంది. జ్వరంలో ఏదో వాగిందిలే అన్నాను అందరితో. అప్పటికి సెంద మనీలాలో ఉంది. అమ్మ పోయిన మరుసటి ఏడు తిరిగొచ్చింది, చంకలో ఆడపిల్లతో, పక్కన మొగుడు లేకుండా. పుస్తకం మాట అది ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ మండేది.

పోయినేడు మట్టల ఆదివారం మధ్యాహ్నం మా పెరట్లో అల్లం చెక్కు తీస్తున్నాం. బినింగ్ అత్త కట్టుడు పళ్లు తీసి గ్లాసులో వేసి, ఒళ్లో చాటతో కూర్చుంది. ఎదురుగా చారింగ్. దాని మొగుడిది మాంసం కొట్టు. పవిత్ర వారమంతా కొట్టు మూతే కాబట్టి చారింగ్ నోటికి మాత్రం తీరికే తీరిక. నేను అట్ట మీద గళ్లు గీస్తున్నాను.

"అదిగో, మనీలా మహారాణి వేంచేస్తోంది" అంది చారింగ్.

"మహారాణి సరే, రాజుగారేరీ?" అంది బినింగ్ అత్త బోసినోటితో.

"రాజులు చాలామంది ఉంటే ఎవర్నని తెస్తుంది?"

సెంద గేటు తోసుకుని వచ్చింది. చంకలో పిల్ల, లుమెన్. నాలుగేళ్లు. ఆ వయసుకి ఉండాల్సిన బరువు లేదు. సెంద నా కుడిచెయ్యి తీసుకుని దీవెన కోసం నుదుటికి ఆనించుకుంది. తర్వాత బినింగ్ అత్త చెయ్యి, అల్లం మట్టితో సహా.

"పిన్నీ, ఈసారి నాక్కూడా ఒక వంతు రాయవా?"

"పాట గుర్తుందా నీకు? అక్కడ వేరే పాటలు పాడేదానివని విన్నాం" అంది చారింగ్.

"హోటల్లో గిన్నెలు తోమేదాన్ని చారింగక్కా. గిన్నెల దగ్గర ఇదే పాడుకునేదాన్ని." అది నవ్వి, నా వైపు తిరిగింది. "పిల్ల కోసం మొక్కుకున్నాను పిన్నీ. ఫిబ్రవరి నుంచి జ్వరం వదలట్లేదు. ఆసుపత్రిలో మందులిచ్చారు. మందుల పని మందులది, మొక్కు పని మొక్కుది. నా వంతు ఒక్క పద్యం కూడా తెగకుండా పాడతానని మరియ తల్లికి మాటిచ్చాను. ఏ గంటైనా ఫర్వాలేదు. మధ్యాహ్నం ఒక్కటీ వద్దు."

"ఏం, నల్లబడతావా?"

"మూడు దాటితే దీనికి జ్వరం ఎక్కుతుంది. రెండుసార్లు ఫిట్స్ కూడా వచ్చాయి. అమ్మకి కళ్లు ఆనవు. నేను తడిగుడ్డ వేసి ఒళ్లో పెట్టుకుంటే తగ్గుతుంది."

గురువారం పొద్దున రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద నా అరచెయ్యి పెట్టాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. "అన్నీ నిండిపోయాయే. బుధవారం పన్నెండు నుంచి మూడు ఒక్కటే మిగిలింది. కావాలంటే చెప్పు, లేదంటే వచ్చే ఏడాది చూద్దాం."

సెంద పిల్ల వైపు చూసింది. "మూడింటికి వేరేవాళ్లు తప్పకుండా వస్తారుగా పిన్నీ?"

"మా ఇంట్లో పాట ఏనాడైనా ఆగిందా?"

"లేదు."

"మరి?"

లుమెన్ ఈలోగా కిందకి జారి, చాటలోంచి అల్లం ముక్క ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది. మొహం ముడుచుకుపోయింది. ఉమ్మేసి, ఆ ముక్కనే తెచ్చి నా చేతిలో పెట్టింది, నువ్వు తిను అన్నట్టు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

వాళ్లు వెళ్లాక సెంద పేరు బుధవారం పన్నెండు గడిలో రాసి, ఎదుటి బల్ల గడిలో చారింగ్ పేరు రాశాను. మూడు గంటల గళ్లలో చారింగ్ తోడికోడళ్లిద్దరి పేర్లు రాశాను. వాళ్లు మంగళవారమే పుట్టింటికి పోతున్నారని నాకు తెలుసు. చారింగ్ మెడ చాచి చూసి, ముందు అర్థంకాక, తర్వాత అర్థమై, చేతిరుమాలు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"నాకు నడుం నొప్పి ఎన్నింటికి రావాలంటావు సియోనక్కా?"

"నీ నడుం, నీ ఇష్టం."

"పాపం కదే, పిల్లకి బాగోలేదంటోంది" అంది బినింగ్ అత్త.

"పాడాలని ముచ్చటపడింది. తనివితీరా పాడనివ్వు. ఓ గంట ఎక్కువ పాడితే అరిగిపోతుందా?"

బినింగ్ అత్త చాటలోంచి ఇంకో అల్లం ముక్క అందుకుంది. నిజం చెప్పాలంటే నేను కోరుకున్నది పెద్దదేం కాదు. ఆ గొంతు జీరబోవడం ఒక్కసారి వినాలనుకున్నాను. ఊరంతా మైకులో వినాలనుకున్నాను. దాని గొంతు కూడా మాంసంతో చేసిందే, అలిసిపోతే అదీ మేక అరుపే అని మా అమ్మ సమాధిలోంచి వినాలనుకున్నాను.

సోమ, మంగళవారాలు ఊపిరి సలపలేదు. పందిరికి అరటి బోదెలు నిలబెట్టించాను, కొబ్బరాకులు కప్పించాను. ఇంట్లో పునీతుల స్వరూపాలన్నిటికీ ఊదా గుడ్డ కప్పాం. సగ్గుబియ్యం నానబోశాం, ముద్దలకి బియ్యప్పిండి విసిరాం, ఇరవై కొబ్బరికాయలు కోరాం. మైకువాడు వచ్చి చెట్టుకి రెండు గొట్టాలు కట్టాడు. ఒకటి చెరువుల వైపు, రెండోది వెదురు వంతెన అవతల ఇళ్ల వైపు. తాస్య ఇల్లు ఆ అవతలే. "హలో, హలో, ఆలకించుము" అని వాడు పరీక్షించగానే అవతలి కుక్కలన్నీ మొరిగాయి. గొట్టాలు బాగా పనిచేస్తున్నాయని తెలిసింది.

బుధవారం పొద్దున్న ఆరింటికి పాట మొదలైంది. పన్నెండుకి పది నిమిషాలుందనగా సెంద వచ్చింది. తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, ఊదా రంగు గౌను ఇస్త్రీ చేసుకుని వేసుకుంది. నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. "పిల్ల నిద్రపోయింది పిన్నీ. ఇవాళ కొంచెం మేలు" అంది. వెళ్లి కూర్చుంది.

మొదటి పద్యం ఎత్తుకోగానే వంటింట్లో గరిటెలు ఆగాయి. ఆ గొంతుని నేను ఏం చెప్పను? గెత్సెమని తోటలో క్రీస్తు ఒంటరిగా మోకరించి, నిద్రపోతున్న శిష్యుల్ని లేపే చోటది. వెయ్యిసార్లు విన్నదే. అయినా నా చేతిలో పిండి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

బినింగ్ అత్త కళ్లు ఒత్తుకుంది. "మీ అమ్మేనే సియోనూ! అచ్చం మీ అమ్మే కూర్చుని పాడుతున్నట్టుంది."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే నేను మూడింటికి ఎవర్నో ఒకర్ని పంపేదాన్నేమో. పంపేదాన్ననే అనుకుంటాను. నాకు తెలియదు.

ఒంటిగంటంపావుకి చారింగ్ నడుం పట్టుకుని మూలుగుతూ లేచింది. తుండు బల్ల మీద వదిలేసింది, మళ్లీ వస్తాననడానికి గుర్తుగా. వంటింట్లోకి రాగానే మూలుగు మాని, గిన్నెలో తీపి ముద్దలు వేసుకుంది. ఎదుటి బల్ల ఉన్నది ఊపిరి కోసమే. వాళ్లు పాడుతుంటే మనం గుటక మింగుతాం, చెమట తుడుచుకుంటాం. ఆ బల్ల ఖాళీ అయితే రెండు బల్లల పాటా ఒక్క గొంతే పాడాలి. సెంద పాడింది. పద్యం చివర దొరికే అరక్షణంలో ఊపిరి తీసుకుని, తర్వాతి పద్యం తనే అందుకుంది.

రెండైంది. మూడైంది. మూడుంపావైంది.

మా దగ్గర ఒక అలవాటుంది. పాడేవాళ్లకి దాహమేసినా, ఆకలేసినా పాట ఆపకూడదు కాబట్టి అదే రాగంలో ఒక చరణం సొంతంగా కట్టి మధ్యలో దూరుస్తారు. కషాయం పంపమనో, దోమలు కుడుతున్నాయనో. ఊరు మైకులో విని నవ్వుకుంటుంది. మూడున్నరకి సెంద దూర్చింది.

"మూడు దాటెను పిన్నమ్మా, ఎదుటి బల్లకు ఎవరమ్మా?"

వంటిల్లు గొల్లుమంది. చారింగ్‌కి పొలమారింది. చెరువు గట్టు మీంచి మగవాళ్ల నవ్వు వినిపించింది. "వస్తున్నారే, వస్తున్నారు!" అని నేను కిటికీలోంచి కేకేశాను. సెంద తలూపి పాడింది. నమ్మింది.

నాలుగింటికి గొంతు చీలింది. నేను ఎదురుచూసిన చప్పుడు అదే. పై స్వరానికి వెళ్లబోయి, మధ్యలో తెగి, గాలి మాత్రం బయటికొచ్చింది. నేను అనుకున్నంత తియ్యగా లేదు. ఎందుకంటే అది ఆగలేదు. చీలిన గొంతుతోనే పాడింది. రోడ్డు మీద పోయేవాళ్లు సైకిళ్లు దిగి, టోపీలు తీసి నిలబడ్డారు. మేకని ఎవడు కోస్తున్నాడని ఒక్కడూ అనలేదు. సిలువ మోసేవాడి పాట అలిసిన గొంతులోంచి వస్తే ఇంకా నిజంలా ఉందని వాళ్ల మొహాలు చెప్తున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఇందులో కూడా అదే గెలిచింది.

"ఇక చాలు సియోనూ. నేను పోయి కూర్చుంటా" అని బినింగ్ అత్త గ్లాసులోంచి పళ్లు తీసుకుంది.

"నీ చేతిలో పిండి అయ్యేదాకా కదిలావంటే రేపట్నుంచి ఈ వంటింట్లోకి రాకు" అన్నాను. బినింగ్ అత్తకి ఒంటరి ఇల్లు, మా వంటిల్లే దిక్కు. పళ్లు మళ్లీ గ్లాసులో వేసింది.

నాలుగుంపావుకి తాస్య వచ్చింది. వెనక గేటు దగ్గర కంచె తడుముకుంటూ. ఒక కాలికి చెప్పు లేదు.

"సియోనూ, పిల్లకి ఫిట్స్ వచ్చాయి. ఈసారి ఆగట్లేదు. సెందని పంపు."

"పిల్ల దగ్గర ఎవరున్నారు తాస్యక్కా?"

"ఎవరున్నారమ్మా, ఊరంతా ఇక్కడే ఉంటేనూ. అది పాడుతోందని గొట్టంలో వినబడుతోంది, కేకేస్తే దానికి వినబడదుగా."

"ఒంటరిగా వదిలేసి వచ్చావా? పో, పో ముందు. నేను చెప్తాను."

ఆవిడ కంచె తడుముకుంటూ వెనక్కి పోయింది. నేను కప్పులో కషాయం పోసుకుని పందిట్లోకి వెళ్లాను. చెప్పకుండా ఉందామనుకోలేదు. చెప్పాను. కప్పు పుస్తకం పక్కన పెట్టి, వంగి, చెవిలో, "మీ అమ్మ వచ్చింది. లుమెన్‌కి ఫిట్స్ ఆగట్లేదట" అన్నాను.

సెంద పాట ఆపలేదు. మొహంలో రక్తం మాత్రం పోయింది. నా కళ్లలోకి చూస్తూ పాడుతూనే, రెండు చేతులతో పుస్తకాన్ని నా వైపు తిప్పింది. తర్వాతి పద్యం మీద వేలు పెట్టింది. అంతే అడిగింది. ఎదుటి బల్ల నా మోకాలికి తగులుతోంది. చారింగ్ తుండు తీసి కూర్చుంటే చాలు. ఆ పద్యం నాకు నిద్రలో కూడా వచ్చు.

నేను మైకు వైపు చూశాను. దాని గొంతు వెంటనే నా గొంతు ఊరికి వినబడుతుంది. సైకిళ్ల దగ్గర టోపీలు చేతపట్టుకుని నిలబడ్డవాళ్లకి వినబడుతుంది. పన్నెండేళ్లప్పటి నవ్వు నా చెవుల్లో మోగింది. నాకు యాభై నాలుగేళ్లు. చావుబతుకుల్లో ఒక పిల్ల ఉంటే నాకు పట్టింది అది.

"చారింగ్‌ని పిలుస్తానుండు" అన్నాను. పిలవలేదు. అక్కడే నిలబడ్డాను.

సెంద తర్వాతి పద్యం కూడా తనే ఎత్తుకుంది. దాని చివర మళ్లీ చరణం దూర్చింది. "పిన్నమ్మా నా బిడ్డమ్మా, ఒక్క పద్యం అందుకోమ్మా." రోడ్డు మీంచి ఎవడో, "పాపం, కషాయం పంపండ్రా దానికి!" అని అరిచాడు. మళ్లీ నవ్వులు. సెంద వేలు ఇంకా పుస్తకం మీదే ఉంది. గోరు చుట్టూ తెల్లబడింది. మూడు పద్యాలు అలా పాడింది, నన్నే చూస్తూ. నేను దాని వేలినే చూస్తూ నిలబడ్డాను.

నాలుగో పద్యం సగంలో లేచిపోయింది.

మైకు అన్నీ మోసుకెళ్లింది. బల్ల జరిగిన చప్పుడు, కప్పు దొర్లిన చప్పుడు, చెప్పుల పరుగు. తర్వాత ఏమీ లేదు. పందిరి వెనక ఒక కోడి కొక్కొక్కో అంది, అది కూడా చెరువుల అవతలిదాకా వినబడింది. వంటింట్లో ఆడవాళ్లు సిలువ గుర్తు వేసుకున్నారు. ఒక మంగళవార్త జపం చెప్పేంత సేపు మా ఊరి పాట ఆగిపోయింది.

పాట ఆగితే కీడు మా ఇంటికి. నేను కూర్చున్నాను. చారింగ్ తుండు మీదే కూర్చున్నాను. కూర్చుని పాడాను. నా గొంతు నాకే గొట్టంలోంచి తిరిగి వినబడింది, గీరుకుంటూ. ఎవరూ నవ్వలేదు. ఎలాగూ పాడాల్సిన పాటే అది. నాలుగు పద్యాల ముందు పాడి ఉంటే సరిపోయేది. గంటన్నర ముందు ఎవర్నైనా పంపి ఉంటే ఇంకా బాగా సరిపోయేది, జ్వరం ఎక్కకముందే తడిగుడ్డ పడేది, ట్రైసికిల్ బండి ఎక్కించుకుని పట్నం ఆసుపత్రికి పోయేది. ఈ లెక్క నాకు ఆ బల్ల మీద కూర్చున్నప్పుడే తెలుసు. పాడుతూనే ఉన్నాను.

సెంద వెదురు వంతెన మధ్యలో ఉండగా తాస్య కేక వినబడిందట.

పవిత్ర వారంలో పోయిన పిల్లకి గంట కొట్టరు. ఈస్టరు దాకా గుడి గంటలు మూగవే కదా. శనివారం పొద్దున్న గంటకి బదులు చెక్క గిలక్కాయ తిప్పుకుంటూ తీసుకెళ్లారు, పూజ లేకుండా. ఆ పెట్టెని ఒక్క మనిషి మోశాడు. నేను వెళ్లాను. తెల్ల పూలు తీసుకెళ్లాను. నా అట్ట మీద మూడు గంటల గళ్లలో పేర్లున్న తోడికోడళ్లిద్దరూ కూడా అప్పటికి పుట్టింటి నుంచి తిరిగొచ్చారు.

శుక్రవారం సాయంత్రానికే ఊరు మాట కట్టేసింది. "పాట మధ్యలో ఆపింది. మొక్కు తెంచింది. అందుకే పోయింది." ముందు అన్నది చారింగ్. నేను అనలేదు. కాదని కూడా అనలేదు. "ఆ గొంతుతో అయినా సియోన్ కూర్చుని ఊరిని కాపాడింది" అని ముసలివాళ్లు నా చెయ్యి పట్టుకుని చెప్పారు. నలభై ఏళ్లుగా నేను ఎదురుచూసిన మెప్పు అలా దొరికింది.

ఈస్టరు మర్నాడు పందిరి విప్పుతున్నాం. బినింగ్ అత్త పెద్ద గిన్నె తోముతోంది. గేటు చప్పుడైంది. సెంద. నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది, ఎప్పటిలాగే. తర్వాత చెయ్యి వదలకుండా అరుగు మీద మోకరించింది. గొంతు పూర్తిగా పోయింది. గుసగుసలా వస్తోంది మాట.

"మీ ఇంటి పాట ఆపేశాను పిన్నీ. అమ్మమ్మ మొక్కు పాడుచేశాను. నువ్వు చారింగక్కని పిలవబోతున్నావు, నేనే ఆగలేకపోయాను. ఆ ఒక్క పద్యం పూర్తిచేసి ఉంటే మరియ తల్లి దాన్ని ఉంచేది. నన్ను క్షమించు పిన్నీ."

బినింగ్ అత్త తోమడం ఆపి నా వైపు చూసింది. నేను నోరు తెరిస్తే చాలు. గురువారం పొద్దున రెండు గళ్లు ఖాళీ అని చెప్తే చాలు. వంతుల అట్ట ఇంకా గుంజకే వేలాడుతోంది, ఆ గంటలు ఎవరో ఒకరితో పాడించాను గానీ ఆ గళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఎవరూ చదవలేదు.

"పోనీలే, లే" అన్నాను. "క్షమించాను."

సెంద ఏడ్చింది. గుండెల మీంచి బరువు దిగినట్టు ఏడ్చి, నా చెయ్యి ముద్దుపెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ, "అమ్మమ్మ పుస్తకం నాకిమ్మందని బినింగమ్మమ్మ అప్పుడెప్పుడో చెప్పింది. నాకొద్దు పిన్నీ. దాన్ని ముట్టుకునే అర్హత పోయింది నాకు. నీ దగ్గరే ఉంచుకో" అంది.

బినింగ్ అత్త గిన్నె బోర్లించి, చేతులు కడుక్కుని, పళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. మా వంటింట్లోకి మళ్లీ రాలేదు. ఒంటరి ఇంట్లో ఏం వండుకుంటోందో ఏమో. పుస్తకం నా దగ్గరే ఉంది. ఊదా గుడ్డ చుట్టి బీరువాలో పెట్టాను.

ఇవాళ మళ్లీ మట్టల ఆదివారం. అల్లం చెక్కు తీస్తున్నాం. ఇందాక సెంద వచ్చి వెళ్లింది. గొంతు తిరిగి రాలేదు, మాట గీరుకుంటూ వస్తోంది, వింటే నాది వింటున్నట్టే ఉంది. బుధవారం మధ్యాహ్నం వంతు కావాలంది. పోయినేడు ఎక్కడ ఆపిందో ఆ పద్యం ఈసారి పూర్తి చేయాలట. ఎంతసేపైనా కూర్చుంటానంది, ఇంటికి తొందరగా పోవాల్సిన పనేం లేదంది.

పన్నెండు గంటల గడిలో దాని పేరు రాశాను. పక్కనే ఎదుటి బల్ల గడి ఉంది. అందులో నా పేరు పట్టేంత చోటుంది. పెన్సిలు కాసేపు అక్కడే పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత చారింగ్ అని రాశాను.